వీధిలో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి: లక్షన్నర పెట్టి హ్యాకింగ్ కోర్సు చేయించాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, కంచరపాలెం. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ఇంజినీరింగ్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాడు. చుట్టుపక్కల ఎవరి కంప్యూటర్ మొరాయించినా వాడికే ఫోను చేస్తారు. రాత్రి తొమ్మిదింటికి కూడా పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లిపోతాడు. ఇదంతా వృథా అని వాళ్ల నాన్నగారికి కోపం. ఇప్పుడేమో సైబర్ సెక్యూరిటీలో మంచి జీతాలు ఉన్నాయంటూ ఎథికల్ హ్యాకింగ్ (యజమాని అనుమతితో కంప్యూటర్లలోని లోపాలు వెతికే పని) కోర్సుకు లక్షన్నర కట్టమంటున్నాడు. ఆరు నెలల్లో ఉద్యోగం ఖాయమని ఆ సంస్థవాళ్లు చెబుతున్నారు. చేర్పించమంటారా? మరో మాట. మా ఇంట్లో పాత కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనక తప్పదని షాపులో అన్నారు. మావాడు అక్కర్లేదంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, మీరు ‘మరో మాట’ అంటూ చివర్లో అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. యాంటీవైరస్ అక్కర్లేదని మీ అబ్బాయి అన్నాడు సరే, ఎందుకు అక్కర్లేదో మీకు అర్థమయ్యేలా చెప్పాడా? చెప్పి ఉంటే అతను ఈ రంగంలో పనికొస్తాడు. విసుక్కుని ‘నీకు తెలియదులే అమ్మా’ అని ఉంటే ఇంకా కొంత నేర్చుకోవాలి. లక్షన్నర సంగతి ఆ తరవాత తేల్చుకుందాం.

ముందు మీ కంప్యూటర్ విషయం. విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే రక్షణ ముందే ఉంటుంది, పైసా కట్టనక్కర్లేదు. వేరే యాంటీవైరస్ వేస్తే అది తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. యాంటీవైరస్‌లను పరీక్షించి ఫలితాలను అందరికీ తెలియజేసే సంస్థలున్నాయి. జర్మనీలో మాగ్డెబర్గ్‌లోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లోని ఏవీ-కంపారిటివ్స్ వాటిలో పేరున్నవి. డబ్బు పెట్టి కొనే వాటితో పాటు డిఫెండర్‌ను కూడా అవి పరీక్షిస్తాయి. ఆ పట్టికలు చూసినవాళ్లెవరూ డిఫెండర్‌ను తీసిపారేయరు. కరెంటు బిల్లు కట్టడానికి, పిల్లల ప్రాజెక్టులకు, సినిమాలకు వాడే ఇంటి కంప్యూటర్‌కు అది చాలు. అంతవరకు మీవాడి మాటే సరి.

షాపువాళ్ల మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఒకే కంప్యూటర్‌ను నలుగురైదుగురు వాడే చోట, కిరాణా దుకాణం లెక్కలన్నీ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్న చోట, ఏదైనా జరిగితే ఫోను చేసి అడగడానికి ఒక మనిషి కావాలనుకునే చోట కొనడంలో తప్పులేదు. కొంటే మాత్రం ఒకటే కొనండి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడిస్తే ఒకదానికొకటి అడ్డుపడి కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. మొదటి సంవత్సరం ధరతో పాటు రెండో సంవత్సరం పునరుద్ధరణకు ఎంత అడుగుతారో, ఆ డబ్బు మిమ్మల్ని అడక్కుండానే కార్డు నుంచి కోసుకునే ఏర్పాటు ఉందేమో కూడా చూసుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు ఉచితంగా వచ్చి, గడువు తీరాక కూడా అలాగే పడి ఉండే యాంటీవైరస్‌ను తీసేయడం మంచిది. అది ఉంటే రక్షణ ఉందన్న భ్రమ తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. మీరు ‘పాత కంప్యూటర్’ అన్నారు. అందులో విండోస్ ఎన్నో నంబరుది? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా నవీకరణలు, అంటే లోపాలను సరిచేసే అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవారు విడిగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు ఉంటుందని ఆ సంస్థ ప్రకటించింది. విండోస్ 11 వేద్దామంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తరవాతది అయి ఉండాలి. అది లేనప్పుడు లైనక్స్ మింట్ లాంటి ఉచిత వ్యవస్థకు మారడం ఒక దారి. నవీకరణలు ఆగిపోయిన విండోస్ మీద ఖరీదైన యాంటీవైరస్ వేయడమంటే గడియ ఊడిన తలుపు దగ్గర కాపలావాణ్ని కూర్చోబెట్టడమే. ఈ సంగతి షాపువాళ్లు చెప్పలేదు సరే, మీవాడు చెప్పాడా?

నా దగ్గరకు వచ్చే డిప్లొమా, డిగ్రీ పిల్లలు ‘సైబర్ సెక్యూరిటీ’ అనగానే నేను ఒక చిన్న చిక్కు ఇస్తాను. జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించుకుని వచ్చావు. ఇంట్లో పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా (అసలు ఫోల్డర్‌కు దారి చూపే గుర్తులుగా) మారిపోయాయి. ఏం చేస్తావు? చాలామంది ‘ఫార్మాట్ కొడతాను’ అంటారు, అంటే ఫైళ్లు పోయినా సరేనన్నమాట. కొందరు ‘యాంటీవైరస్‌తో స్కాన్ చేస్తాను’ అని ఆగిపోతారు. ఎవరో ఒకరు మాత్రం ఇలా చెబుతారు: ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, వైరస్ వాటిని దాచేసిందంతే. షార్ట్‌కట్ మీద నొక్కకుండా కుడి మీటతో ప్రాపర్టీస్ తెరిచి, టార్గెట్ అన్న గడిలో ఏముందో చదవాలి. అక్కడ ముందు ఒక స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) నడిచి, ఆ వెంటనే మన ఫోల్డర్ తెరుచుకునేలా రాసి ఉంటుంది. ఫోల్డర్ మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘అట్రిబ్’ ఆదేశంతో ‘దాచినవి’ అన్న గుర్తులు తీసేస్తే ఫైళ్లు పైకి తేలతాయి. తరవాత ఆ స్క్రిప్టు ఇంటి కంప్యూటర్‌లోకి కూడా చేరిందేమో, విండోస్ మొదలయ్యేటప్పుడు తనంతట తాను నడిచే వాటి జాబితాలో ఉందేమో వెతకాలి. చివరగా ఆ జిరాక్స్ షాపు యజమానికి చెప్పాలి. లేకపోతే రేపు అదే పెన్‌డ్రైవ్ మళ్లీ పాడవుతుంది.

ఈ జవాబులో చివరి మాట చెప్పిన పిల్లవాణ్ని నేను మరచిపోను. రోగం ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి వెతకడమే భద్రతా విశ్లేషకుడు చేసే పని. పెద్ద సంస్థలో పెన్‌డ్రైవ్ బదులు సర్వర్, అంటే అందరి కంప్యూటర్లకూ సేవలందించే పెద్ద కంప్యూటర్, ఉంటుంది, అంతే తేడా.

ప్రతి జబ్బునూ వైరస్ ఖాతాలో వేయడం కూడా కుర్రాళ్లకు అలవాటు. మన ఊళ్లో బీచ్ దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి కంప్యూటర్ లోపలి లోహపు అంచులు మసకబారతాయి. ఆన్ చేయగానే బీప్ శబ్దాలు చేసి తెర నల్లగా ఉండిపోతే, ర్యామ్ అనే మెమరీ పలకను తీసి దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ గట్టిగా నొక్కితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. తెరుచుకోవడానికే పది నిమిషాలు పట్టే కంప్యూటర్‌కు ఎక్కువసార్లు కావలసింది పాత హార్డ్‌డిస్క్ స్థానంలో అంతకంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ. ఈ వివేచన మీ అబ్బాయికి ఉంటే వాళ్ల నాన్నగారు వృథా అంటున్న సాయంత్రాలే అతనికి పెట్టుబడి.

నాన్నగారికి ఒక ఉదాహరణ చెప్పండి. పుణెలో కైలాశ్ కాట్కర్ అనే ఆయన క్యాలిక్యులేటర్లు బాగుచేయడంతో మొదలుపెట్టి సొంత రిపేరు దుకాణం పెట్టుకున్నారు. దుకాణానికి వచ్చే కంప్యూటర్లలో వైరస్‌ల బెడద చూసి, కంప్యూటర్ చదువు చదువుతున్న తమ్ముడు సంజయ్ వాటిని తొలగించే ప్రోగ్రాములు రాశారు. అదే తరవాత క్విక్ హీల్ కంపెనీ అయింది, 2016లో షేర్ మార్కెట్‌కు కూడా ఎక్కింది. అందరూ అలా అవుతారని అనను, అవరు కూడా. రిపేరు బల్ల ముందు కూర్చోవడం చదువుకు అడ్డు కాదనడానికి మాత్రం ఆ అన్నదమ్ములు చాలు.

ఇక కోర్సు. ఇప్పుడు కట్టకండి. నెట్‌వర్క్ అంటే ఏమిటో, నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కూ ఉండే ఐపీ చిరునామా, వెబ్‌సైట్ పేరును ఆ చిరునామాగా మార్చే డీఎన్ఎస్ ఎలా పనిచేస్తాయో గట్టిగా రాకుండా ఆరు నెలల్లో ‘హ్యాకర్’ను చేస్తామంటే చేతికి వచ్చేది కాగితమే. ఉద్యోగం ఖాయమన్నవాళ్లను ఆ మాట రసీదు మీద రాసి సంతకం పెట్టమనండి. ఏ కంపెనీ, ఏ హోదా, రాకపోతే ఫీజులో ఎంత తిరిగి ఇస్తారు అని అడగండి. గొంతు మారితే లేచి వచ్చేయండి.

కొత్తవాళ్లకు తలుపు తెరుచుకునేది ఎక్కువగా ఆఫీసుల్లో ఉద్యోగుల కంప్యూటర్ సమస్యలు తీర్చే డెస్క్‌టాప్ సపోర్ట్, హెల్ప్‌డెస్క్ ఉద్యోగాల్లోనే. జీతం మొదట్లో చిన్నదే, అబద్ధం చెప్పను. అక్కడినుంచి నెట్‌వర్క్, సర్వర్ల పనికి, అటునుంచి భద్రతా విభాగానికి వెళ్లేవారు చాలామంది. రాత్రి షిఫ్టులు ఉంటాయని ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో ఐదేళ్లలో సుమారు 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ (కృత్రిమ మేధ పనులకు భారీ డేటా సెంటర్లుండే కేంద్రం) పెడతామని ప్రకటించినప్పటినుంచి ‘డేటా సెంటర్ ఉద్యోగాలకు శిక్షణ’ అనే బోర్డులు కూడా మొదలయ్యాయి. బోర్డు చూసి ఫీజు కట్టకండి. అక్కడైనా ఇంకెక్కడైనా పనికొచ్చేవి నెట్‌వర్కింగ్, లైనక్స్, హార్డ్‌వేరే.

వాటిని పెద్దగా ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ప్రాథమిక పాఠాలు ఉచితం. స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికల్లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు వినడానికి డబ్బు కట్టనక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. ఆ పునాది పడ్డాక సిస్కోవారి నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్ఏ రాస్తే దానికి విలువ ఉంటుంది. ఆ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది కాబట్టి తొందరపడి ముందే రాసేయకూడదు. డిప్లొమాలో భాగంగా ఉండే పారిశ్రామిక శిక్షణను సర్టిఫికెట్ కోసం కాకుండా, కంప్యూటర్ల నిర్వహణ విభాగం ఉన్న చోట నిజంగా చేయనివ్వండి.

దానికి తోడు ఒక నోటుపుస్తకం. బాగుచేసిన ప్రతి కంప్యూటర్ గురించి యజమాని తన మాటల్లో చెప్పిన ఫిర్యాదు, తాను చూసింది, చేసింది, చివరికి తేలిన కారణం, పని మొదలుపెట్టే ముందు ఫైళ్ల నకలు తీశాడా లేదా అన్నది రాయాలి. హెల్ప్‌డెస్క్‌లో రోజంతా రాసేది ఇదే. ఇంటర్వ్యూలో ‘నాకు ఆసక్తి ఉంది’ అనడం కంటే ఆ పుస్తకం తెరిచి చూపడం బలంగా పనిచేస్తుంది.

ఒక విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండాలి. వీధి రిపేర్లలో దొంగ విండోస్ వేసి, దాన్ని ‘యాక్టివేట్’ చేసే ప్రోగ్రాములు నడపడం మామూలైపోయింది. అలాంటి ప్రోగ్రాములు నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపేయమంటాయి. వైరస్‌లకు అంతకంటే ఏం కావాలి? ఇతరుల పాస్‌వర్డులు అడిగి రాసుకోకూడదు, ఫొటోలు తెరవకూడదు. ‘మా అబ్బాయి ఫేస్‌బుక్ ఒకసారి తెరిచి చూపించు’ అని ఎంత దగ్గరివాళ్లు అడిగినా చేయకూడదు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి చొరబడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడవచ్చు. సరదాకు చేశానంటే పోలీసులు వినరు, సెక్యూరిటీ కంపెనీలు అంతకన్నా వినవు.

విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం అని ఎవరైనా ఏజెంటు వస్తే ఇంట్లో అందరూ కలిసి ఆలోచించండి. అలాంటి మాటలు నమ్మి కంబోడియా వెళ్లిన కుర్రాళ్లతో అక్కడ సైబర్ మోసాలు చేయించిన ఉదంతం 2024లో విశాఖ పోలీసులే బయటపెట్టారు. కంప్యూటర్ తెలిసిన పేదింటి పిల్లలే ఆ ఏజెంట్లకు కావలసింది.

ఉద్యోగమా, పైచదువా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. చదివించగలిగితే డిప్లొమా పిల్లల ప్రవేశపరీక్ష ఈసెట్ రాయించండి, నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. 200 మార్కుల పరీక్షలో 100 సొంత బ్రాంచి సబ్జెక్టులకు, 50 గణితానికి, మిగతా 50 ఫిజిక్స్, కెమిస్ట్రీలకు ఉంటాయి. బాగుచేసే చెయ్యి ఉన్న పిల్లలు సాధారణంగా తడబడేది ఆ గణితం దగ్గరే. 2024, 2025లలో పరీక్ష మే మొదట్లో జరిగింది కాబట్టి సంక్రాంతి సెలవుల నుంచైనా రోజూ ఒక గంట లెక్కలకు కేటాయించాలి. వీధిలోవాళ్ల ఫోన్లకు ఆ గంట మాత్రం మీరే జవాబు చెప్పండి.