పిట్స్‌బర్గ్ గుడి నుంచి వస్తూ హెర్షీ పార్కులో ఆగొచ్చా?

న్యూజెర్సీకి వచ్చి ఇంకా ఏడాది నిండని ఒక చెల్లెలు పోయిన వారం అడిగింది. "అక్కా, అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చారు. పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి వెళ్తున్నాం. తిరుగు దారిలో హెర్షీ చాక్లెట్ల ఊళ్లో ఉన్న రైడ్ల పార్కు, అదే హెర్షీ పార్కులో ఆగుదామని మా ఆయన, పిల్లాడు ఒకటే గోల. అప్పటికప్పుడు అనుకుని వెళ్తే డబ్బు దండగేనా? పెద్దవాళ్లు అక్కడ ఏం చేస్తారు?"

తప్పకుండా ఆగండి. కాకపోతే ఆ రెండో ప్రశ్న సంగతి కారు దిగకముందే తేల్చుకోండి. మేం తేల్చుకోలేదు.

మా అత్తమామలు మొదటిసారి వచ్చినప్పుడు జులైలో మేమూ అలాగే గుడికి వెళ్లాం. రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే ఇంకోసారి దండం పెట్టుకుని ఎనిమిదింటికి బయల్దేరాం. హారిస్‌బర్గ్ దగ్గరకొచ్చాక హెర్షీ బోర్డు కనపడింది, వెనక సీట్లోంచి పిల్లల కేకలు మొదలయ్యాయి. పదకొండున్నరకల్లా గేటు దగ్గరున్నాం. అందరికీ టికెట్లు కొనేశాం. రైడ్ల మీదికి సంచులు తేనివ్వరు కదా, వాటన్నిటినీ అత్తయ్యగారి దగ్గర పెట్టి "ఇప్పుడే వచ్చేస్తాం" అని ఆవిణ్ని చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టాం. ఆ లైను గంటా పావు పట్టింది. పక్కనే ఉందని ఇంకోటి కూడా ఎక్కేశాం.

వచ్చేసరికి నీడ బెంచీ మీంచి జరిగిపోయింది. గుడికి కట్టుకున్న పట్టుచీర కొంగే నెత్తిన కప్పుకుని, ఒళ్లో నాలుగు సంచులు, కాళ్ల దగ్గర పిల్లల చెప్పులు వరసగా పేర్చుకుని కూర్చున్నారావిడ. మంచినీళ్లకని వెళ్లిన మామయ్యగారు దారి తప్పారు. ఆయన ఫోన్లో ఇక్కడి సిమ్ లేదు. ఇరవై నిమిషాలు వెతికితే గానీ దొరకలేదు. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. "పిల్లలు బాగా ఆడుకున్నారా?" అని మాత్రం అడిగారు. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే, ముందు పెద్దవాళ్లకి నచ్చేది చూసుకోండి. పార్కు గేటుకి బయటే చాక్లెట్ వరల్డ్ ఉంది. లోపల చాక్లెట్ తయారీ చూపించే టూర్‌కి టికెట్ అక్కర్లేదు. చిన్న బండిలో కూర్చుంటే అదే మెల్లగా తిప్పి తీసుకొస్తుంది. దారిలో పాట పాడే ఆవు బొమ్మలుంటాయి, కోకో గింజ దగ్గర్నుంచి చాక్లెట్ దాకా అన్నీ చూపిస్తారు. ఏసీ ఉంటుంది, కుదుపులుండవు. మామయ్యగారు రెండుసార్లు తిరిగారు. పెద్దవాళ్లకి ఓపిక లేదనుకుంటే అక్కడితోనే సరిపెట్టినా వాళ్లకి హెర్షీ చూసినట్టే.

పార్కులోకి కూడా వస్తామంటే వాళ్లకి రెండున్నాయి. ఒకటి 1919లో తయారైన రంగులరాట్నం. చెక్క గుర్రాలన్నీ చేత్తో చెక్కినవే. గుర్రం ఎక్కలేనివాళ్లు రథంలాంటి బెంచీ మీద కూర్చోవచ్చు. ఆ సాయంత్రం అత్తయ్యగారు మనవరాలిని పక్కన పెట్టుకుని అందులో కూర్చున్నారు. గుర్రం మెడ మీద చెక్కిన జూలుని వేళ్లతో తడుముతూ, "మన తిరనాళ్ల రాట్నమే కదే ఇది" అన్నారు. ఇంకోటి కిస్సింగ్ టవర్. సీట్లో కూర్చుంటే మెల్లగా తిరుగుతూ పైకి తీసుకెళ్లి ఊరంతా చూపిస్తుంది. టికెట్ కొనేముందు పెద్దవాళ్లకి తక్కువ రేటు ఉందేమో అడగండి. మూడేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు.

ఆ ఊరి సంగతి వాళ్లకి చెబితే చాలా సంతోషిస్తారు. మిల్టన్ హెర్షీ అనే ఆయన పొలాల మధ్య ఫ్యాక్టరీ కట్టి, పనివాళ్ల కుటుంబాలు సరదాగా గడపడానికని 1906లో ఈ పార్కు తెరిచాడు. ఆయనకీ భార్య కేథరిన్‌కీ పిల్లల్లేరు. 1909లో తల్లిదండ్రులు లేని మగపిల్లల కోసం బడి పెట్టారు. తర్వాత ఆయన తన ఆస్తిలో చాలా భాగం ఆ బడికే రాసిచ్చేశాడు. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది. ఇది విన్నాక మామయ్యగారు ఆ రోజంతా దారిన కనపడ్డ వాళ్లందరికీ నమస్కారం పెట్టారు!

పిల్లాడి విషయానికొస్తే, ఇంట్లోనే గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచి వెళ్లండి. అక్కడ ఎత్తుని బట్టి చాక్లెట్ల పేర్లు పెట్టి గ్రూపులు చేస్తారు. 36 నుంచి 42 అంగుళాల లోపు కిస్సెస్, 42 నుంచి 48 లోపు రీసెస్, 48 నుంచి 54 లోపు హెర్షీస్, ఇంకా ఎత్తున్నవాళ్లకి వేరే గ్రూపులున్నాయి. ఏ గ్రూపు వాళ్లు ఏది ఎక్కొచ్చో ప్రతి రైడ్ దగ్గరా రాసుంటుంది. మా చిన్నదానికి ఒక్క అంగుళం తక్కువైంది. లైన్లో నిలబడి నిలబడి చివర్లో వెనక్కి పంపితే ఏడుపు ఆపలేకపోయాం. ముందే తెలిస్తే మీ వాడికి తన ఎత్తుకి సరిపోయేవే చూపించొచ్చు.

చీర, పొడుగు చున్నీ రైడ్లకి పనికిరావు. గుడి నుంచి బయల్దేరేటప్పుడే బట్టలు మార్చుకుని బూట్లు వేసుకోండి. సంచులకి లాకర్ తీసుకోండి, డబ్బుకి చూసి పెద్దవాళ్ల ఒళ్లో పెట్టకండి. మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇద్దరి జేబుల్లో ఉంచండి. మీ అత్తమామల్లో ఎవరికైనా గుండె జబ్బు, బీపీ ఉంటే పెద్ద రైడ్ల జోలికి వెళ్లనివ్వకండి. అమెరికా చూడ్డానికొచ్చిన వాళ్లకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బుల ఖర్చంతా ఇవ్వవు.

బయల్దేరే ముందు ఫోన్లో పార్కు క్యాలెండర్ చూడండి. వేసవిలో రోజూ తెరుస్తారు గానీ, మిగతా నెలల్లో కొన్ని రోజులే. టికెట్లు కూడా ఫోన్లోనే కొనుక్కోండి, గేటు దగ్గరకన్నా తక్కువకి వస్తాయి. ఉరుములు మెరుపులొస్తే రైడ్లు ఆపేస్తారు, కాబట్టి వాతావరణం చూసుకున్నాకే డబ్బు కట్టండి.

గుడి క్యాంటీన్‌లో పులిహోర, దద్దోజనం కట్టించుకుంటారుగా, వాటికి చిన్న ఐస్ బాక్స్ పట్టుకెళ్లండి. జులై ఎండలో కారులో వదిలేస్తే దద్దోజనం మధ్యాహ్నానికే పులిసిపోతుంది. బయటికొచ్చి తిని మళ్లీ లోపలికి వెళ్లాలంటే ఏం చేయాలో గేటు దాటకముందే అక్కడివాళ్లని అడగండి. రాత్రి ఎనిమిదికి బయల్దేరినా న్యూజెర్సీలో ఎడిసన్ చేరేసరికి పదిన్నర దాటుతుంది, మీరిద్దరూ డ్రైవింగ్ పంచుకోండి.