పాత ఎస్‌యూవీ: పెట్రోలా, డీజిలా?

ప్రశ్న: నేను నల్లగొండలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. బడి ఇంటికి ఎనిమిది కిలోమీటర్ల దూరం. నెలకోసారి హైదరాబాద్, ఏడాదికి రెండు మూడుసార్లు శ్రీశైలమో తిరుపతో వెళ్తుంటాము. అన్నీ కలిపితే నెలకు ఆరు వందల కిలోమీటర్లు దాటదు. 2018 నాటి క్రెటాలు రెండు చూశాను. రెండింటిలోనూ 1.6 లీటర్ల ఇంజనే. పెట్రోలు బండికి ఏడున్నర లక్షలు, డీజిల్ బండికి ఎనిమిదిన్నర లక్షలు చెబుతున్నారు. ఎస్‌యూవీ అంటే డీజిలే తీసుకోవాలని మా బామ్మర్ది పట్టుబడుతున్నాడు. ఏది కొనమంటారు?

సమాధానం: మీరు రాసిన వివరాలను బట్టి పెట్రోలు బండే కొనండి. మీ బామ్మర్ది గారి మాట ఒకప్పుడు నిజమే. పెట్రోలు ధరపై నియంత్రణ 2010 జూన్‌లోనే ఎత్తేసినా డీజిల్‌పై 2014 అక్టోబర్ దాకా కొనసాగింది. ఆ మధ్య కాలంలో రెండింటికీ లీటరుకు పాతిక రూపాయలకు మించి తేడా వచ్చింది. మన ప్రాంతంలో డీజిల్ ఎస్‌యూవీలు విపరీతంగా అమ్ముడుపోయింది ఆ రోజుల్లోనే, 'పెద్ద బండి అంటే డీజిల్' అన్న మాట స్థిరపడిందీ అప్పుడే. ఇప్పుడు ఆ తేడా చాలా తగ్గిపోయింది. 2024 మార్చిలో ధరలు తగ్గించిన తర్వాత హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు సుమారు 107 రూపాయలు, డీజిల్ సుమారు 96 రూపాయలు ఉండేది. కాబట్టి డీజిల్‌తో ఈనాడు కలిసొచ్చే డబ్బులో ఎక్కువ భాగం ధర వల్ల కాక మైలేజీ వల్ల వచ్చేదే.

మీ బండితోనే లెక్క వేద్దాం. నెలకు ఆరు వందలంటే ఏడాదికి 7,200 కిలోమీటర్లు. పెట్రోలు బండి లీటరుకు పన్నెండు, డీజిల్ బండి పదహారు ఇస్తాయనుకుంటే పెట్రోలుకు ఏడాదికి 64,200 రూపాయలు, డీజిల్‌కు 43,200 రూపాయలు ఖర్చవుతాయి. మిగిలేది 21,000. డీజిల్ బండికి మీరు ముందే ఎక్కువ పెట్టే లక్ష రూపాయలు తిరిగి రావడానికి దాదాపు ఐదేళ్లు పడుతుంది. ఆ ఐదేళ్లలో బండికి ఒక్క పెద్ద పని కూడా రాకపోతేనే ఈ లెక్క నిలుస్తుంది. డీజిల్ ఇంజన్‌లో టర్బో, ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి పని చెప్పినా ఖర్చు వేలల్లోనే, కొన్నిసార్లు పదుల వేలల్లో ఉంటుంది. మీరు చూసిన పెట్రోలు ఇంజన్‌కు టర్బో లేదు, దాని ఇంధన వ్యవస్థ కూడా అంతకంటే చాలా సరళమైనది. ఎనిమిదేళ్లు దాటిన బండి విషయంలో ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు.

డబ్బుకన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ బడి దూరం. ఎనిమిది కిలోమీటర్లు వెళ్లి ఆపేసి, సాయంత్రం మళ్లీ ఎనిమిది కిలోమీటర్లు తిరిగొస్తే డీజిల్ ఇంజన్ సరిగ్గా వేడెక్కే సరికి ఇల్లు వచ్చేస్తుంది. చల్లటి ఇంజన్‌లో డీజిల్ పూర్తిగా మండదు. ఆ మసి ఈజీఆర్ వాల్వులోనూ, గాలి లోపలికి వెళ్లే దారిలోనూ పొరలుపొరలుగా పేరుకుంటుంది. పెట్రోలు ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది కనుక చిన్న చిన్న ప్రయాణాలను మెరుగ్గా తట్టుకుంటుంది. బండి నెల మొత్తంలో ఎంత తిరుగుతుందన్న దానితో పాటు, ఒక్కసారి స్టార్ట్ చేస్తే ఆగకుండా ఎంత దూరం పోతుందన్నది కూడా చూసుకోవాలి. నా దృష్టిలో ఈ రెండోదే అసలు ప్రశ్న.

శ్రీశైలం ఘాట్‌లో పెట్రోలు బండి ఇబ్బంది పెడుతుందేమోనన్న అనుమానం మీకు రావచ్చు. మన్ననూరు దాటిన తర్వాత నిండా మనుషులతో, ఏసీ వేసుకుని ఎక్కేటప్పుడు గేరు తగ్గించి ఇంజన్‌ను కాస్త ఎక్కువ తిప్పవలసి వస్తుంది, మైలేజీ కూడా పడిపోతుంది. డీజిల్ బండి అదే ఎత్తును తక్కువ ఆర్‌పీఎంలో నిదానంగా లాగేస్తుంది. అది నిజంగా హాయైన విషయమే, కాదనను. అయితే ఏడాదికి రెండు మూడు రోజుల సౌకర్యం కోసం మిగతా రోజులన్నీ పొసగని ఇంజన్‌ను భరించనక్కర్లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం నా సలహా మారుతుంది. ఆ పెట్రోలు బండి సర్వీసు చరిత్ర లేనిదై, డీజిల్ బండి ఒకే యజమాని చేతిలో ఉండి అన్ని బిల్లులూ చూపగలిగితే డీజిల్ బండినే తీసుకోండి. 2018 బండి బీఎస్-4 అనే పాత కాలుష్య ప్రమాణం కాలానిది. ఆ తరం డీజిల్ బండ్లలో చాలావాటికి పొగగొట్టంలో మసి ఫిల్టరు ఉండదు కనుక, చిన్న ప్రయాణాల విషయంలో బీఎస్-6 డీజిల్ కంటే అదే నయం. అలా తీసుకుంటే నెలకు రెండు మూడుసార్లయినా నార్కట్‌పల్లి మీదుగా హైవే ఎక్కి అరగంట సేపు ఆగకుండా నడపండి.

ప్రశ్న: మాది అచ్చంపేట. ఏజెన్సీ పని మీద వారంలో ఐదు రోజులు కల్వకుర్తి మీదుగా హైదరాబాద్ వైపు తిరుగుతుంటాను. నెలకు 2,400 కిలోమీటర్లు అవుతుంది. ఇంట్లో ఏడుగురం. ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, 2021 తర్వాతది కొందామనుకుంటే, బీఎస్-6 డీజిల్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) నిండిపోయి లక్షలు ఖర్చవుతుందని అందరూ భయపెడుతున్నారు. పెట్రోలే కొనుక్కోవాలా?

సమాధానం: అవసరం లేదు. మీలాంటివారి కోసమే డీజిల్ ఉన్నది. పై లెక్కనే మీకు వర్తింపజేస్తే, మీరు నల్లగొండ మాస్టారికి నాలుగింతలు తిరుగుతారు కాబట్టి ఏడాదికి 84,000 రూపాయల దాకా మిగులుతుంది. ఏడు సీట్ల బండి బరువు ఎక్కువ కనుక తేడా ఇంకా పెరిగే అవకాశమే ఉంది. పైగా సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఏడు సీట్ల ఎస్‌యూవీలు ఎక్కువగా డీజిల్‌వే దొరుకుతాయి.

డీపీఎఫ్ గురించి భయం కంటే అవగాహన ముఖ్యం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమలులోకి వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఈ ఫిల్టరు వచ్చి చేరింది. పట్టిన మసిని ఎప్పటికప్పుడు సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చివేయాలి. బండి గంటకు అరవై కిలోమీటర్లకు పైబడిన వేగంతో ఇరవై నిమిషాలో అరగంటో ఆగకుండా నడిస్తే ఆ పని దానంతటదే పూర్తవుతుంది. మీరు రోజూ వెళ్లే శ్రీశైలం హైవే మీద దానికి ఏ లోటూ లేదు. ఊరి లోపలే తిరిగేవారికి ఆ అవకాశం దొరకదు. మసిని కాల్చే ఈ శుద్ధి మొదలై సగంలో ఆగిపోతుంటే ఫిల్టరు నిండి హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని పట్టించుకోకుండా నడిపినవారికే లక్షల మాట ఎదురవుతుంది.

అందువల్ల మీరు భయపడవలసింది మీ వాడకం గురించి కాదు, ఇంతకుముందు ఆ బండిని వాడినవారి గురించి. బండి హైదరాబాద్‌లో ఆఫీసుకూ ఇంటికీ మధ్య ట్రాఫిక్‌లోనే తిరిగిందా అన్నది అడగండి. వెళ్లేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. బానెట్ మీద చేయి పెట్టినప్పుడు వెచ్చగా తగిలితే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట; అలాంటప్పుడు ఇంకో రోజు వస్తామని చెప్పి రండి. తర్వాత ఆయిల్ డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ పై గీతను దాటి ఉండి, ముట్టుకుంటే పలుచగా ఉండి డీజిల్ వాసన వస్తే, మసిని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ మండకుండా కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. శుద్ధి మధ్యలోనే ఆగిపోతూ వచ్చిందనడానికి అదే గుర్తు. ఆ తర్వాత సైలెన్సర్ గొట్టం చల్లగా ఉన్నప్పుడే లోపల వేలితో రుద్ది చూడండి. ఫిల్టరు ఆరోగ్యంగా ఉన్న బీఎస్-6 డీజిల్ బండిలో వేలికి మసి పెద్దగా అంటదు. వేలు నల్లగా అయితే ఫిల్టరు పగిలి ఉండవచ్చు, లేదా ఎవరో దాన్ని తీసేయించి ఉండవచ్చు. అలాంటి బండి ఎంత చౌకగా వచ్చినా వదిలేయండి, ఎందుకంటే తీసేసినది తిరిగి పెట్టించే ఖర్చు మీ నెత్తిన పడుతుంది. చివరగా మీ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి స్కానర్ పెట్టించండి. మసి ఎంత శాతం నిండిందో, చివరి శుద్ధి ఎన్ని కిలోమీటర్ల కిందట జరిగిందో చాలా బండ్లలో అది చూపిస్తుంది. ఆ సమాచారం ముందు అమ్మేవాడి మాటకు విలువ లేదు.

మీరు చూసే బండ్లలో కొన్నింటికి డీజిల్‌తో పాటు పొగలోని కాలుష్యాన్ని తగ్గించే యాడ్‌బ్లూ అనే ద్రవం పోయవలసిన ట్యాంకు వేరుగా ఉంటుంది. అది పూర్తిగా అయిపోతే బండి ఒకసారి ఆపాక తిరిగి స్టార్ట్ కాదు, కాబట్టి హెచ్చరిక కనిపించగానే నింపాలి. ఆ ద్రవం శుద్ధి చేసిన నీటిలో 32.5 శాతం యూరియా కలిపినదే. అంత మాత్రాన పొలానికి తెచ్చిన యూరియా సంచి విప్పి నీళ్లలో కలిపి పోయకండి. ఎరువుగా అమ్మే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. ఆ పూత, అందులోని మలినాలు కలిసి ఖరీదైన ఉత్ప్రేరక యంత్రాన్ని పాడుచేస్తాయి. సీలు ఉన్న డబ్బాలే కొనండి. వ్యవసాయ కుటుంబాల నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తోంది కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో 2019 పెట్రోలు ఎస్‌యూవీ ఒకటి నచ్చింది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత బండ్లను పాడు చేస్తుందంటున్నారు. దానికి భయపడి డీజిల్ వైపు వెళ్లడం సరైనదేనా?

సమాధానం: అది ఒక్కటే కారణమైతే సరైనది కాదు. ఇథనాల్ తనలో ఉన్న శక్తి రీత్యా పెట్రోలు కంటే తక్కువది కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. పది శాతం మిశ్రమానికి ట్యూన్ చేసిన పాత నాలుగు చక్రాల బండ్లలో ఆ తగ్గుదల ఆరేడు శాతం ఉండవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికలో అంచనా వేశారు. లీటరుకు పన్నెండు ఇచ్చే బండి పదకొండుకు కాస్త పైన ఇస్తుందన్నమాట. దీర్ఘకాలంలో రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు గట్టిపడి చీలవచ్చు కనుక కొనేటప్పుడు ఇంధన గొట్టాలను చూపించుకుని, అనుమానం ఉన్నవి మార్పించండి. ఆ ఖర్చు ఒక డీజిల్ ఇంజెక్టరు ఖరీదుతో పోలిస్తే చిన్నదే. బండిని నెలల తరబడి కదలకుండా ఉంచే అలవాటు ఉంటే మాత్రం ట్యాంకులో ఆ పెట్రోలు నిల్వ ఉండనివ్వకండి, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వీలైతే 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండిని చూడండి, ఆ తర్వాతివాటిలో ఈ మిశ్రమానికి తగిన పదార్థాలే వాడుతున్నారు.

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక డీలర్ దగ్గర ఢిల్లీ నంబరున్న 2016 డీజిల్ ఎస్‌యూవీ ఉంది. మన టీఎస్ 05 నంబరు బండి కంటే రెండు లక్షలు తక్కువ చెబుతున్నాడు. తీసుకోవచ్చా?

సమాధానం: ధర అంత తక్కువగా ఉండటానికి కారణం ఢిల్లీ పరిసరాల్లో డీజిల్ బండ్లకు పదేళ్లు, పెట్రోలు బండ్లకు పదిహేనేళ్లు అని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆంక్ష విధించడం, 2018లో సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమనడం. తర్వాత ఆ ఆంక్షల్లో సడలింపులు వచ్చినా అక్కడి యజమానులు డీజిల్ బండ్లను వదిలించుకుంటూనే ఉన్నారు. తెలంగాణలో అలాంటి పదేళ్ల గడువు లేదు. ఇక్కడ పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవచ్చు. కాబట్టి బండి ఢిల్లీది కావడం నేరం కాదు. కానీ ఆ రెండు లక్షల్లో ఎంత మిగులుతుందో బేరానికి ముందే తేల్చుకోవాలి. అక్కడి ఆర్టీఓ ఇచ్చిన ఎన్‌ఓసీ (బండిని వేరే చోటికి మార్చడానికి అభ్యంతరం లేదన్న పత్రం) ఉండాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం బండి అసలు ధర, వయసులను బట్టి ఉంటుంది కనుక నల్లగొండ రవాణా కార్యాలయంలో ఇంజన్, ఛాసిస్ నంబర్లు చూపి ఎంతవుతుందో కనుక్కోండి. ఎన్‌ఓసీ 'తర్వాత తెప్పిస్తాను' అంటే అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

ఆర్సీ వివరాలను ఎంపరివాహన్ యాప్‌లో చూసి, అందులో ఫైనాన్స్ నమోదై ఉంటే, బాకీ తీరాక బ్యాంకు ఇచ్చే ఫారం 35 అడిగి తీసుకోండి. యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద అమ్మినవారి సంతకాలు అమ్మకం నాడే చేయించుకోండి. కొన్న పద్నాలుగు రోజుల్లోగా బీమాను మీ పేరుకు మార్పించుకోండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు కనుక ప్రీమియంలో తేడా కట్టవలసి వస్తుంది, ఆ మొత్తాన్ని కూడా బండి ధరలో కలిపి లెక్క చూసుకోండి.