బెంగళూరు నుంచి కదిరికి హైవే వదిలి వెళ్లిన దారుల్లో మేము చూసినవి

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ పండుగలకు అనంతపురం, కదిరి వైపు సొంతూళ్లకు వెళ్లేటప్పుడు జాతీయ రహదారి వదిలి లోపలి రోడ్ల మీద వెళితే దారిలో ఆగి చూడదగ్గ వింతలేమైనా ఉన్నాయా, చిన్నపిల్లలతో అలా వెళ్లవచ్చా అని మీరు అడిగారు. మాది కదిరి దగ్గర పల్లె. 14 ఏళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాం. మొదటి ఆరేళ్లు మేమూ అందరిలాగే 44వ నంబరు రహదారి ఎక్కి, తెల్లవారేసరికి బాగేపల్లి దాటేయాలన్న తొందరలో ప్రయాణం చేసినవాళ్లమే. ఊరు చేరాక దారి ఎలా ఉందని అమ్మ అడిగితే టోల్‌గేటు దగ్గర ఎంతసేపు ఆగామో చెప్పడం తప్ప మా దగ్గర వేరే కబురు ఉండేది కాదు. అందుకే నా మొదటి సలహా ఏమిటంటే, ఈ వింతల కోసం వేరే విహారయాత్ర పెట్టుకోకండి, ఊరికి వెళ్లే దారినే మార్చుకోండి. ఒక పూట ఎక్కువ పడుతుంది, అంతే.

లోపలి రోడ్డు ఏదో తెలుసుకోవడానికి ఫోన్‌లో మ్యాపు కన్నా రోడ్డు పక్కనున్న కిలోమీటరు రాళ్లు ఎక్కువ పనికొస్తాయి. రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగులో ఉంటే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డు. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు ఈ సంగతి చెప్పాను. అప్పటి నుంచి కారులో ఫోన్ అడగడం మానేసి, నారింజ తల కనిపించగానే "నాన్నా, ఇది మన రోడ్డు" అని కేకేస్తుంది.

మేము ఎక్కువగా వెళ్లే దారులు రెండు. పడమటి దారి దొడ్డబళ్లాపుర, గౌరిబిదనూరు, హిందూపురం మీదుగా వెళుతుంది. గౌరిబిదనూరు దాటిన కాసేపటికే విదురాశ్వత్థం వస్తుంది. అక్కడ విదురుడు నాటాడని చెప్పుకునే రావిచెట్టు ఒకటి ఉండేది. అది 2001లో కూలిపోయింది. చెట్టు పోయినా, సంతానం కోసం మొక్కుకున్నవాళ్లు తరతరాలుగా ప్రతిష్ఠించిన నాగశిలలు మాత్రం వేల సంఖ్యలో ఒకదాని భుజానికి ఒకటి ఆనించినట్లు నిలబడి ఉన్నాయి. కొన్ని నిన్న మొన్న చెక్కినట్లుంటే, కొన్ని పసుపు కుంకుమల పూతలతో నునుపుదేలి పడగ ఎక్కడుందో వేలితో తడిమితే గానీ తెలియకుండా ఉన్నాయి. ఒక్కో రాయి వెనుక ఒక్కో ఇంటి ఎదురుచూపు ఉందన్న ఆలోచన వచ్చాక నాకు అక్కడ గట్టిగా మాట్లాడబుద్ధి కాలేదు.

అయితే విదురాశ్వత్థంలో చూడాల్సింది ఆ శిలలొక్కటే కాదు. గుడికి దగ్గరలోనే వీరసౌధ అనే అమరవీరుల స్మారకం ఉంది. మైసూరు సంస్థానంలో జాతీయ జెండా ఎగరవేయడంపై నిషేధం ఉన్న రోజుల్లో, 1938 ఏప్రిల్ 25న ఇక్కడ సభకు చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని ఈ ఊరికి పేరు వచ్చింది అందుకే. ఆ ఘటన తరువాత సర్దార్ పటేల్‌కూ దివాన్ మీర్జా ఇస్మాయిల్‌కూ మధ్య జరిగిన ఒప్పందంతోనే సంస్థానంలో జెండా ఎగరవేసుకునే వీలు కలిగింది. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో ఈ ఊరి పేరు కనిపించలేదు. మా ఇంటికి వెళ్లే దారిలోనే ఉన్న ఈ సంగతి 35 ఏళ్ల వయసులో తెలుసుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కాబట్టి పిల్లలతో వెళ్లేవాళ్లు దీన్ని దాటిపోవద్దని గట్టిగా చెబుతాను.

హిందూపురం నుంచి 15 కిలోమీటర్లు తూర్పుకు వెళితే లేపాక్షి. వేలాడే స్తంభం కింద తువ్వాలు లాగి చూడటానికి అందరూ వరుసలో నిలబడతారు. మీరూ నిలబడండి, తప్పులేదు. కానీ రోడ్డు పక్కన కూర్చున్న నందిని మాత్రం తీరికగా చూడాలి. ఒకే రాతిలో మలచిన ఆ నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉంటుంది. దాని మెడలోని గంటల పట్టెను దగ్గరకు వెళ్లి చూస్తే, చూసినంత సేపూ అది రాయి అన్న సంగతి మరిచిపోతాం. గుడి ఆవరణలో నేల మీది బండలోనే పళ్లేలు చెక్కి ఉన్నాయి. కూరలకు గుంతలతో సహా ఉన్న ఆ పళ్లేల్లోనే శిల్పులు అన్నం తినేవారని ఊరివాళ్లు చెబుతారు, రంగులు కలుపుకోవడానికని మరికొందరు అంటారు. మా వాడు మాత్రం ఒక పళ్లెం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, అన్నం ఎప్పుడు పెడతారని అడిగాడు.

తూర్పు దారి నాకు ఇంకా ఇష్టం. దేవనహళ్లి విమానాశ్రయానికి దగ్గరలోనే నల్లూరు చింతతోపు ఉంది. 54 ఎకరాల్లో సుమారు 300 చింతచెట్లు, మధ్యలో శిథిలమైన పాత గుడి. 2007లో దేశంలోనే మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా దీన్ని ప్రకటించారు. అరగంట చాలు, ఉదయం అయితే మంచిది.

అక్కడి నుంచి విజయపుర మీదుగా చింతామణి రోడ్డు ఎక్కితే కైవారం వస్తుంది. ఇది మన తెలుగువాళ్లు ముఖ్యంగా చూడాల్సిన ఊరు. గాజులు అమ్ముకుని బతికి, యోగిగా మారిన కైవారం తాతయ్య తత్వాలూ కాలజ్ఞానమూ ఎక్కువగా చెప్పింది తెలుగులోనే. మేము వెళ్లినరోజు ఒక అవ్వ మంటపంలో కూర్చుని కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని ఒక పుస్తకం చూస్తూ కీర్తన పాడుతోంది. మాట తెలుగు, పాట తెలుగు. నేను వెనుక నుంచి తొంగి చూస్తే పుస్తకంలో అక్షరాలు కన్నడవి. "తెలుగు చదవడం రాదా అవ్వా?" అని అడిగాను. "బళ్లో కన్నడం నేర్పిరి నాయనా, ఇంట్లో అమ్మ తెలుగు నేర్పె. తాతయ్యకు రెండూ తెలుసులే" అంది. చింతామణి, శ్రీనివాసపుర, బాగేపల్లి ప్రాంతాలంతా ఇంతే. బోర్డు కన్నడంలో ఉంటుంది, బోర్డు కింద నిలబడ్డ మనిషి మనతో తెలుగులో మాట్లాడతాడు. దారి తెలిసినా సరే, నేను ఈ ఊళ్లలో కావాలనే దారి అడుగుతాను.

చింతామణి దాటి మదనపల్లె చేరాక, అక్కడి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలను బయట నుంచైనా చూడండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. తరువాత ములకలచెరువు మీదుగా కదిరి వైపు సాగితే, ఎడమ కుడి పల్లె రోడ్లు మొదలవుతాయి. వాటిలో ఒకటి పట్టుకుని నంబులపూలకుంట మండలంలోని తిమ్మమ్మ మర్రిమాను దగ్గరకు చేరుకోవాలి. కదిరి నుంచైతే సుమారు 25 కిలోమీటర్లు.

ఒక్కటే చూడగలిగే సమయం ఉంటే ఈ మానునే చూడండి. దూరం నుంచి అది చెట్టులా కనిపించదు, గుట్టల మధ్య చిన్న అడవిలా ఉంటుంది. లోపలికి నడిచాక, ఆ అడవి అంతా ఒకే చెట్టని మనసు ఒప్పుకోవడానికి కొంతసేపు పడుతుంది. దాదాపు 19,000 చదరపు మీటర్ల మేర నీడ, 1,100కు పైగా ఊడలు. 1989లో ఇది ప్రపంచంలోనే అతి పెద్ద మర్రిచెట్టుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దీన్ని వెలుగులోకి తెచ్చిన పాత్రికేయుడు, ఫొటోగ్రాఫర్ రిగ్రెట్ అయ్యర్ మన బెంగళూరు వారే.

1434లో భర్త చితిలో ప్రాణం విడిచిన తిమ్మమ్మ పేరు మీద, చితికి నాటిన గుంజే చిగురించి ఈ మాను అయిందని చెబుతారు. ఆ కథ మా అమ్మాయికి చెప్పేటప్పుడు నాకు మనసు బరువెక్కింది. చెట్టును చూసి సంతోషపడదాం, తిమ్మమ్మను తలచుకుని బాధపడదాం, రెండూ మానవద్దని చెప్పాను. ఆ తరువాత ఊడలు చూపించాను. గాలిలో ఉన్నంతకాలం ఊడ సన్నని తాడులా ఊగుతూ ఉంటుంది. ఒకసారి నేల తాకి వేరూనిందంటే కాండంలా లావెక్కి, పైనున్న కొమ్మ బరువును మోస్తుంది. అందుకే లేత ఊడలు నేల దాకా క్షేమంగా దిగేలా వెదురు గొట్టాల్లో మట్టీ ఎరువూ నింపి వాటి గుండా దించుతారు. అలా దిగుతున్న ఒక ఊడ కొస వేలికి తగిలితే పసిపాప గోరంత మెత్తగా ఉంది. దయచేసి పిల్లలను ఊడలు పట్టుకుని ఊగనివ్వకండి.

ఇక పిల్లలతో వెళ్లడం గురించి. తప్పకుండా వెళ్లవచ్చు, కానీ పగలే వెళ్లాలి. తాగునీళ్లూ, పెట్టెడు ఉగ్గాణీ ఇంటి నుంచే కట్టుకోవాలి, పెట్రోలు మదనపల్లెలోనో హిందూపురంలోనో నింపుకోవాలి. సంక్రాంతి రోజుల్లో వెళ్లేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఆ రోజుల్లో రైతులు ఉలవ కట్టెనూ రాగి కంకులనూ నూర్పిడి కోసం రోడ్డు మీద పరుస్తారు. మూడేళ్ల క్రితం మర్రిమాను దగ్గరి రోడ్డులో నేను అలాంటి ఉలవ కట్టె మీదుగా కారు పోనిచ్చాను. కిలోమీటరు వెళ్లేసరికి కాలిన వాసన వచ్చింది. దిగి చూస్తే కట్టె కారు అడుగున చుట్టుకుని సైలెన్సరు దగ్గర పొగలు కక్కుతోంది. పిల్లలను దింపి దూరంగా నిలబెట్టాను. పొలంలో ఉన్న ఒక అన్న కొడవలీ, నీళ్ల బిందే పట్టుకుని పరుగెత్తుకొచ్చి, కింద పడుకుని కట్టెంతా కోసి లాగేశాడు. "ఈసారి ఆపి ఒక కేక వెయ్యన్నా, పక్కకు తోస్తాం" అన్నాడు. అప్పటి నుంచి నేను ఆపే అడుగుతున్నాను. ద్విచక్రవాహనం మీద అయితే ఆ కట్టె మీద చక్రం జారుతుంది కాబట్టి దిగి నడిపించుకోవడమే మేలు.

మర్రిమాను దగ్గరకు మధ్యాహ్నం మూడింటికల్లా చేరుకునేలా చూసుకోండి. మా అమ్మాయి మొదటిసారి ఊడలు లెక్కపెట్టడం మొదలుపెట్టి 140 దగ్గర తమ్ముడితో గొడవపడి లెక్క మరిచిపోయింది. రెండోసారి పుస్తకంలో పటం గీసుకుని ఒక్కో మూలా పూర్తిచేస్తూ 415 దాకా వచ్చేసరికి చీకటి పడింది. ఆ పుస్తకం ఇప్పుడు కారు డాష్‌బోర్డులోనే ఉంది. ఈ సంక్రాంతికి ఉదయాన్నే బయలుదేరాలని ఇంట్లో ఇప్పటికే ఒప్పందం అయిపోయింది.