సీసాలో వేసే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రొయ్యల ల్యాబ్‌లో చేరావని, శాంపిళ్లు తెచ్చే పని నీకే ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. శాంపిల్లో రోగక్రిమి డీఎన్ఏ ఉందో లేదో పట్టే పీసీఆర్ మిషన్ గురించి టెన్షన్ పడకు, అది వాళ్లే నేర్పుతారు. నేను చెప్పేది చెరువు గట్టు మీది సంగతి.

ప్రాణం పోగానే కణంలోని ఎంజైములే డీఎన్ఏని ముక్కలు చేయడం మొదలెడతాయి. వెనకాలే బాక్టీరియా దిగుతుంది. వేడీ తేమా ఉంటే ఇద్దరికీ పండగే, మన దగ్గర మే నెలలో ఆ రెండింటికీ కరువు లేదు. ఓసారి మొగల్తూరు నుంచి భీమవరానికి చచ్చిన రొయ్యల్ని క్యారీబ్యాగులో వేసి, బండి హ్యాండిల్‌కి తగిలించుకుని తెచ్చాను. మధ్యలో టీకి కూడా ఆగాను. తల విప్పి చూస్తే లివర్ ఉండాల్సిన చోట గోధుమరంగు పులుసు! రిపోర్టు నెగెటివ్ వచ్చింది. వారం తిరక్కుండానే ఆ చెరువులో వైట్ స్పాట్, అదే రొయ్యల్ని చంపే తెల్లమచ్చల వైరస్ రోగం. నా శాంపిలే ముంచిందని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే నీరసంగా ఈదుతున్నవాటిని పట్టు, చచ్చి ఎర్రబడినవి వద్దు. వైట్ స్పాట్‌కి ఈతకాళ్లు, మొప్పలు చాలు. లివర్ అరిగించే ఎంజైముల పుట్ట, అన్నిటికంటే ముందు అదే కరుగుతుంది. కళ్లు కూడా వద్దు, వాటిలోని పదార్థం పీసీఆర్‌ని అడ్డుకుంటుంది.

శాంపిల్ నిలవకి 95 శాతం ఆల్కహాల్, అంటే స్పిరిట్, వాడు. ముక్క గోరంత ఉండాలి, స్పిరిట్ దానికి పదింతలు. పెద్ద ముక్కయితే పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది. ఫార్మలిన్ జోలికి పోకు. మైక్రోస్కోపుకి అది మంచిదేగానీ డీఎన్ఏని పాడుచేస్తుంది. పేరు పెన్సిల్‌తో రాసి చీటీ సీసాలోనే వెయ్యి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. కరెంటు పోయి వచ్చే ఫ్రీజర్‌ని నమ్మకు, గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ డీఎన్ఏ తెగుతుంది.

అంతర్వేది ఒడ్డున కుళ్లిన తాబేలు దొరికితే మెత్తటి భాగాలు వదిలేసి ఎముక తీసుకో. ఎముకలో డీఎన్ఏ ఎక్కువ కాలం నిలుస్తుంది. కెనడా మంచునేలలో దొరికిన గుర్రం ఎముక నుంచి 7 లక్షల ఏళ్లనాటి డీఎన్ఏని 2013లో చదివారు. మన ఉప్పుగాలిలో అంత ఆశ పెట్టుకోకు.

ఆదివారం వచ్చి నా పాత కత్తెర తీసుకెళ్లు. చెరువు మారినప్పుడల్లా బ్లీచింగ్ నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి తుడువు.

మామయ్య