64-బిట్ లాప్‌టాప్ 32 జీబీ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఐ5-8250యూ ప్రాసెసర్, 64-బిట్ విండోస్ 10 హోమ్ ఉన్న లాప్‌టాప్‌లో 64 జీబీ ర్యామ్ వేయిద్దామని వెళితే, 32 దాటి పట్టదని దుకాణంలో చెప్పారు, 64-బిట్ అంటే కోటికి పైగా టెరాబైట్లని చదువుకున్నాం కదా, ఇది అమ్మేవాళ్ల మాయా, నిజమా అని అడుగుతున్నారు. దుకాణదారు చెప్పింది అబద్ధం కాదు. అయితే ఆ 32 అనే అంకెకూ, మీ ప్రాసెసర్ 64-బిట్ కావడానికీ ఎలాంటి సంబంధమూ లేదు. ఈ తేడా నాకు డబ్బు ఖర్చుపెట్టుకున్నాక గాని తెలిసిరాలేదు.

2010లో నేను బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండేవాణ్ణి. నా దగ్గర అప్పటికే పాతబడిన కోర్ 2 డుయో లాప్‌టాప్ ఒకటి ఉండేది. ఒక శనివారం కంప్యూటర్ విడిభాగాల దుకాణాలుండే ఎస్.పి. రోడ్డుకు వెళ్లి 2 జీబీ డీడీఆర్2 రకం ర్యామ్ స్టిక్కులు రెండు కొన్నాను. గదికి వచ్చి అడుగు మూత విప్పి, స్టిక్కును ఏటవాలుగా దోపి, పక్క క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి ఆన్ చేస్తే విండోస్ ఎక్స్‌పీ 3.25 జీబీ అని చూపించింది. ముప్పావు జీబీ ఎక్కడికి పోయిందో అర్థం కాక, నకిలీ సరుకు అంటగట్టారనే కోపంతో సోమవారం సాయంత్రం మళ్లీ అదే దుకాణానికి వెళ్లాను. ఆయన ఏమీ వాదించకుండా రెండు స్టిక్కులనూ విడివిడిగా తన కంప్యూటర్‌లో పెట్టి, ఒక్కొక్కటీ 2048 ఎంబీ చూపించడం నా కళ్లముందే పెట్టి, కన్నడం కలిసిన తెలుగులో "మెమరీలో తప్పేం లేదు సార్, మీ బోర్డే అంత" అన్నాడు. నేను నమ్మలేదు. గదిలో ఉండే మిత్రుడు ఇదంతా 32-బిట్ ఎక్స్‌పీ వల్లనేనని తేల్చేశాడు కాబట్టి ఆ రాత్రే కూర్చుని 64-బిట్ విండోస్ 7 ఎక్కించాను. తెల్లవారుజామున తెరమీద కనిపించినది: ఇన్‌స్టాల్డ్ మెమరీ 4.00 జీబీ, 3.25 జీబీ యూజబుల్.

మిత్రుడు చెప్పింది సగం నిజం, దుకాణదారు చెప్పింది పూర్తి నిజం. 32 బిట్లతో రాయగలిగిన అడ్రసులు, అంటే మెమరీలో ఒక్కో బైటుకు ఇచ్చే నంబర్లు, 4,294,967,296, అంటే సరిగ్గా 4 జీబీ. కానీ ఈ అడ్రసులన్నీ ర్యామ్ ఒక్కదానికే చెందవు. గ్రాఫిక్స్, నెట్‌వర్క్ వంటి పరికరాలతోనూ, ఆన్ చేయగానే కంప్యూటర్‌ను మేల్కొలిపే బయాస్ చిప్పుతోనూ ప్రాసెసర్ మాట్లాడేది ఈ అడ్రసుల ద్వారానే. ఇక్కడి లేఔట్లలో పార్కుకూ, బడి, ఆసుపత్రి వంటి ప్రజా సౌకర్యాలకు ఉంచే సి.ఏ. సైటుకూ ముందే స్థలం కేటాయించి మిగిలినది ఇళ్లకు పంచినట్టు, 4 జీబీకి కాస్త దిగువన ఉన్న అడ్రసులను పరికరాలకు ముందే రాసిపెడతారు. వాటి కింద పడిన ర్యామ్ బోర్డు మీద ఉన్నప్పటికీ దానికి అడ్రసు ఉండదు. తరువాతి బోర్డులు ఆ భాగాన్ని 4 జీబీకి పైన ఉన్న అడ్రసులకు తరలిస్తాయి. నా లాప్‌టాప్‌లో ప్రాసెసర్ 64-బిట్‌దే అయినా, ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య పనిచేసే మెమరీ కంట్రోలర్ మాత్రం బోర్డు మీది వేరే చిప్‌సెట్‌లో ఉండేది, దానికి అడ్రసు బిట్లు 32 మాత్రమే. పైన అడ్రసులే లేనప్పుడు తరలించడానికి చోటెక్కడ?

ఇప్పుడు మీ లాప్‌టాప్ సంగతి. 64 బిట్లను లెక్కకు తీసుకుంటే 1,67,77,216 టెరాబైట్లు వస్తాయి, కానీ అన్ని బిట్లనూ నిజంగా వాడే ప్రాసెసర్ బజారులో లేదు. లినక్స్‌లో ప్రాసెసర్ వివరాలుండే సీపీయూఇన్ఫో ఫైలు తెరిస్తే మీ ఐ5 తన గురించి తానే "39 బిట్స్ ఫిజికల్, 48 బిట్స్ వర్చువల్" అని చెప్పుకుంటుంది. ఫిజికల్ అంటే అసలు ర్యామ్ అడ్రసులు, వర్చువల్ అంటే ప్రోగ్రాములు వాడే అడ్రసులు. 39 బిట్లంటే 512 జీబీ. విండోస్ 10 హోమ్ 128 జీబీ దగ్గర ఆగుతుంది, అదే ప్రో అయితే 2 టెరాబైట్ల దాకా వెళుతుంది. ఆపైన ప్రాసెసర్ లోపలే ఉన్న మెమరీ కంట్రోలర్‌కు ఇంటెల్ ప్రకటించిన హద్దు 32 జీబీ. వీటన్నిటిలో ఏది చిన్నదో అదే మీ హద్దు. మిగిలినవి ఎంత పెద్దవైనా మీకు ఉపయోగపడవు.

విండోస్ విషయంలో ఒక చిన్న పితలాటకం ఉంది. 32-బిట్ అంటే 4 జీబీయే అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. 1995లో వచ్చిన పెంటియం ప్రోలోనే పీఏఈ (ఫిజికల్ అడ్రస్ ఎక్స్‌టెన్షన్) అనే ఏర్పాటుతో భౌతిక అడ్రసు 36 బిట్లకు, అంటే 64 జీబీకి పెరిగింది. 32-బిట్ విండోస్ సర్వర్ 2008 ఎంటర్‌ప్రైజ్ ఆ 64 జీబీనీ వాడుకునేది. ఇళ్లలో వాడే విండోస్‌ను మాత్రం మైక్రోసాఫ్ట్ 4 జీబీ దగ్గరే కట్టేసింది. పెద్ద అడ్రసులు చూడగానే తడబడే డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) అప్పట్లో చాలా ఉండేవన్నది దానికి కారణం. 64-బిట్ విండోస్ 7 హోమ్ బేసిక్‌కు 8 జీబీ, హోమ్ ప్రీమియంకు 16 జీబీ, ప్రొఫెషనల్‌కు 192 జీబీ అని పెట్టినది మాత్రం ధరల పట్టిక చూసి గీసిన గీతే తప్ప సాంకేతిక అవసరం కాదని నా అభిప్రాయం.

వర్చువల్ వైపు 48 బిట్లే ఎందుకన్నది నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే భాగం. ప్రోగ్రాము వాడే అడ్రసును అసలు ర్యామ్ అడ్రసుగా మార్చడానికి ప్రాసెసర్ ఏ అడ్రసు ర్యామ్‌లో ఎక్కడుందో రాసిపెట్టిన నాలుగు అంచెల పేజీ టేబుళ్లను ఒకదాని తరువాత ఒకటి చూస్తుంది. ఒక్కో అంచెకు 9 బిట్లు, చివరికి 4 కేబీ పేజీ (మెమరీని విభజించే ముక్క) లోపలి స్థానానికి 12 బిట్లు, మొత్తం 48. అంటే 256 టెరాబైట్లు. బిట్లు పెంచాలంటే ఇంకో అంచె చేర్చాలి, అంచె పెరిగితే వెతుకులాట పెరుగుతుంది, ఎవరికీ అవసరంలేని అడ్రసుల కోసం ప్రతి ఒక్కరూ ఆ మూల్యం చెల్లించాలి. అవసరమైన పెద్ద సర్వర్ల కోసం ఇంటెల్ ఐదో అంచె చేర్చి 57 బిట్లు చేసింది, లినక్స్ 2017లో 4.14 కెర్నెల్‌తో దానికి సిద్ధమైంది. వాడని పై బిట్లలో ప్రోగ్రామర్లు తమ సొంత సరుకు దాచకుండా, అవన్నీ (సున్నా నుంచి లెక్కిస్తే) 47వ బిట్టుకు నకలుగానే ఉండాలని, ఈ 64-బిట్ పద్ధతిని రూపొందించిన ఏఎండీ మొదటినుంచీ నియమం పెట్టింది. మోటరోలా 68000 ప్రాసెసర్‌లో 24 అడ్రసు బిట్లే ఉండగా, తొలి మాకింటోష్ సాఫ్ట్‌వేర్ మిగిలిన 8 బిట్లలో ఏవేవో గుర్తులు దాచుకుని, తరువాత 32 బిట్ల అడ్రసులు వచ్చినప్పుడు పడిన అవస్థ తెలిసినవారికి ఆ నియమం విలువ తెలుస్తుంది.

ర్యామ్ పెంచేముందు మరొక్క సంగతి చూసుకోండి. కొన్నేళ్ల తరువాత ఆఫీసులో ఒక విండోస్ మెషీన్‌కు 16 జీబీ వేయించాక కూడా, జావా ప్రోగ్రాము తన డేటా కోసం తీసుకునే మెమరీని (హీప్) 2 జీబీ అడగ్గానే "కుడ్ నాట్ రిజర్వ్ ఎనఫ్ స్పేస్ ఫర్ ఆబ్జెక్ట్ హీప్" అంటూ ఆగిపోయేది. వారం రోజులు ర్యామ్‌నే అనుమానించాం. తీరా చూస్తే అక్కడ ఉన్నది 32-బిట్ జావా. విండోస్‌లో 32-బిట్ ప్రోగ్రాముకు మామూలుగా దక్కేది 2 జీబీ అడ్రసులే, అందులోనూ డీఎల్ఎల్‌లు (ప్రోగ్రాముతోపాటు లోడయ్యే కోడ్ ఫైళ్లు) అక్కడక్కడా కూర్చోవడంతో ఒకే ముక్కగా దాదాపు ఒకటిన్నర జీబీ మించి మిగలదు. 64-బిట్ జావా ఎక్కించిన పది నిమిషాల్లో సమస్య తీరిపోయింది. మీరు వాడే సాఫ్ట్‌వేర్ 32-బిట్‌దైతే మీకూ 32 జీబీకీ 64 జీబీకీ తేడా తెలియకపోవచ్చు.

ఇక కొనే విషయం. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ అని తెరిస్తే ఎన్ని స్లాట్లు ఉన్నాయో తెలుస్తుంది. సన్నటి లాప్‌టాప్‌లలో సగం ర్యామ్‌ను బోర్డుకే అతికించి, ఒక్క స్లాటే ఇస్తారు. గరిష్ఠ సామర్థ్యం చూపించే కమాండ్లు బయాస్ చెప్పిన అంకెనే వల్లిస్తాయి కాబట్టి వాటికన్నా లాప్‌టాప్ సర్వీస్ మాన్యువల్‌ను నమ్మండి. మీ ప్రాసెసర్ 2017లో వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో పెట్టే డీడీఆర్4 స్టిక్కుల్లో పెద్దది 16 జీబీయే, రెండు కలిపితే 32. 32 జీబీ స్టిక్కులు ఆ తరువాత వచ్చాయి, ప్రకటించిన హద్దు దాటి వాటితో పనిచేసే బోర్డులూ ఉన్నాయి, బూటే కానివీ ఉన్నాయి. అందుకే ప్రయత్నించాలనుకుంటే ఒక్క 32 జీబీ స్టిక్కు మాత్రమే, పనిచేయకపోతే వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాయించుకుని తీసుకోండి. లాప్‌టాప్‌ను దుకాణానికే తీసుకెళ్లి, అక్కడే పెట్టించి, బయాస్ తెరలో 32 అని కనిపించాకే రెండోదానికి డబ్బు ఇవ్వండి.