మావయ్య గారి చేతికి ఏ ప్లేయర్ ఇవ్వాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. మా మావయ్య గారికి డెబ్బై తొమ్మిదేళ్లు. చూపు బాగా తగ్గింది. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో చెప్పిన జముకుల కథలన్నీ (జముకు అనే తీగ వాద్యం మోగిస్తూ చెప్పేవి) టేప్ రికార్డర్‌లో పట్టి దాచుకున్నారు. నలభై దాకా క్యాసెట్లు. మా తమ్ముడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఫోన్‌లో వేసి ఇస్తే వేలు తగిలి ఇంకేదో తెరుచుకుంటోంది, కాల్ వస్తే కథ ఆగిపోతోంది. అందుకని రెండు వేల లోపు చిన్న ప్లేయర్ ఒకటి కొందామనుకుంటున్నాం. ఎన్ని జీబీలది తీసుకోవాలి? ఒకసారి పెన్‌డ్రైవ్‌లో వేసి పక్కింటివాళ్ల సెట్‌లో పెట్టి చూస్తే కథ ముందుది వెనక, వెనకది ముందు వచ్చింది. కొన్ని ఫైళ్లు అసలు పలకలేదు.
– ఒక కోడలు, గుణుపూర్

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడికి నా తరఫున శభాష్ అని చెప్పండి. తొంభై నిమిషాల క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే తొంభై నిమిషాలూ ఆడాల్సిందే, దానికి అడ్డదారి లేదు. పర్లాకిమిడిలో మా కంప్యూటర్ సెంటర్‌కి ఇలాంటి క్యాసెట్లు పట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. చాలావాటికి అప్పటికే బూజు పట్టి, టేపు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటుంది. మీవి బతికి బయటపడ్డాయి.

జీబీల సంగతి తర్వాత చూద్దాం. ఎవరి చేతిలో ఉంటుందన్నదే మొదటి ప్రశ్న. జేబులో పట్టే సన్న ప్లేయర్ మీ మావయ్య గారికి పనికిరాదు. దాని తెర అగ్గిపెట్టె అంత కూడా ఉండదు, మెనూలో పైకీ కిందికీ తిరగాలి. చూపు ఆననివాళ్లకి అది ఫోన్‌ని మించిన టెన్షన్. ఎఫ్‌ఎం రేడియో, స్పీకరు, పెన్‌డ్రైవ్‌కీ మెమరీ కార్డుకీ చోటు ఉన్న చిన్న సెట్లు మీరనుకున్న డబ్బు లోపే బజార్లో దొరుకుతాయి. అందులో ముందు వైపు సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల బటన్లు ఉన్న రకం అడగండి. ఇరవై ఏడు నొక్కితే ఇరవై ఏడో ఫైలు పలుకుతుంది. ల్యాండ్‌లైన్ ఫోన్ వాడిన తరం వేళ్లకి ఆ వరస చూడకుండానే తెలుసు. అయిదు మీద బొడిపె లేకపోతే చిటికెడు ఎం-సీల్ అద్ది ఆరనివ్వండి, వేలికి గుర్తు దొరుకుతుంది.

బ్యాటరీ వెనక మూత తీసి మార్చుకునేదైతే మేలు. ఇలాంటి సెట్లలో చాలావాటికి పాత నోకియా ఫోన్లలో ఉండే బీఎల్-5సీ బ్యాటరీయే వాడతారు, అది మన ఊళ్లలో ఏ మొబైల్ షాపులోనైనా దొరుకుతుంది. లోపల అతికించేసిన బ్యాటరీ పోతే సెట్టు మూలకే.

గుణుపూర్‌లో కొన్నా, రాయగడ వెళ్లినా, నౌపడ రైలెక్కి మా ఊరు వచ్చినా, మీ కథల్లోవే నాలుగైదు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. షాపువాళ్ల పాట విని కొనొద్దు. కథ మధ్యలో సెట్ ఆపి మళ్లీ ఆన్ చేయించండి. ఆగిన చోటే అందుకుంటే ఆ సెట్ తీసుకోవచ్చు. మళ్లీ ఒకటో ఫైలుకి పోయేదైతే, మరోటి చూపించమనండి. కథలు వినేవారికి ఇంతకన్నా ముఖ్యమైన గుణం ఇంకోటి లేదు. వాల్యూమ్ బాగా తగ్గించి కూడా వినండి. కొన్ని సెట్లు అట్టడుగున పెట్టినా ఇల్లంతా మోగుతాయి, రాత్రిపూట పెద్దాయన పెట్టుకోలేరు.

ఇక అసలు పని కంప్యూటర్ దగ్గర. కొన్ని పలకలేదన్నారు కదా, అవి వేవ్ ఫైళ్లో (శబ్దాన్ని కుదించకుండా దాచేవి), ఫోన్‌లో రికార్డు చేసిన ఎం4ఏ ఫైళ్లో అయ్యుంటాయి. చిన్న సెట్లలో కొన్ని వీటిని చదవవు. ఎంపీ3 మాత్రం అన్నీ చదువుతాయి. పైగా సైజు చూడండి. తొంభై నిమిషాల క్యాసెట్ సీడీ నాణ్యతలో వేవ్‌గా ఉంటే దాదాపు 950 ఎంబీ. అదే 128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్లు) ఎంపీ3గా మారిస్తే 86 ఎంబీ. నలభై క్యాసెట్లూ కలిపి మూడున్నర జీబీ! అంటే 8 జీబీ కార్డు చాలు. ఇప్పుడు షాపుల్లో 16, 32 ఎక్కువ దొరుకుతాయి కాబట్టి ఏదో ఒకటి తీసుకోండి. 64 వద్దు. 32 వరకు కార్డులు సాధారణంగా ఫ్యాట్32 అనే, ఫైళ్లు సర్దుకునే పద్ధతిలో వస్తాయి, ఆ పైవి ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. చవక సెట్లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌ని గుర్తుపట్టవు.

మార్చడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. మొత్తం క్యాసెట్‌ని ఒకే ఫైలుగా ఉంచకండి. ముక్కలు చేయండి, అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. మీరే హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. కథకుడు ఒక ఘట్టం ముగించి గుక్క తిప్పుకుంటాడు, వంత పాడేవాళ్లు అందుకుంటారు, జముకు మోత ఒక్క క్షణం పలచబడుతుంది. అక్కడ క్లిక్ చేసి కంట్రోల్, బి కలిపి నొక్కితే ఒక గుర్తు పడుతుంది. దానికి పేరు పెట్టండి. అలా చివరిదాకా గుర్తులు పెట్టుకుంటూ పోయి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు గుర్తుల ప్రకారం వేరు వేరు ఫైళ్లుగా ఇమ్మంటే అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. బిట్ రేట్ (పైన చెప్పిన కేబీపీఎస్ లెక్క) దగ్గర కాన్‌స్టంట్, 128 ఎంచుకోండి. వేరియబుల్ పెడితే కొన్ని సెట్లలో నిమిషాలు తప్పుగా చూపిస్తుంది, ముందుకు జరపడం కుదరదు.

టేపు బుసని తగ్గించాలనిపిస్తుంది. మాట లేకుండా బుస ఒక్కటే ఉన్న రెండు మూడు సెకన్లు ఎంచుకుని, నాయిస్ రిడక్షన్‌లో దాన్ని నమూనాగా చూపించి, మిగతాదానికి కొంచెమే వర్తింపజేయండి. ఎక్కువ చేస్తే జముకు తీగ మోత చివర తెగిపోతుంది, మనిషి గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. బుస ఉన్నా ఫరవాలేదు, ఆయన యాభై ఏళ్లుగా ఆ బుసతోనే విన్నారు. ఒక చెవి వైపే వినిపిస్తున్న రికార్డింగులుంటే మాత్రం మోనోగా (రెండు వైపులా ఒకే శబ్దం వచ్చేలా) మార్చండి.

వరస తప్పడం గురించి. కంప్యూటర్‌లో మనకి పేర్ల క్రమంలో కనబడతాయి. చిన్న సెట్లు చాలావరకు పేరు చూడవు. కార్డులోకి ఏది ముందు ఎక్కితే దాన్నే ఒకటో ఫైలు అనుకుంటాయి. అన్నీ ఒకేసారి ఎంచుకుని పడేసినప్పుడు ఏది ముందు ఎక్కుతుందో మన చేతిలో ఉండదు. అందుకే ముందు ప్రతి ఫైలుకీ 001, 002 అని సున్నాలతో సహా నంబరు పెట్టండి. ఉత్త 1, 2 అని పెడితే కొన్ని సెట్లలో 1 తర్వాత 10 వస్తుంది. తర్వాత కార్డుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఒక్కో ఫైలూ నంబరు వరసలో కాపీ చేయండి. ఓపిక లేకపోతే ఫ్యాట్‌సార్టర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, కార్డులోని వరసని పేర్ల ప్రకారం తనే సర్దుతుంది. అప్పుడు మావయ్య గారు నొక్కే ఇరవై ఏడూ, మీరు పెట్టిన 027 ఒకటే అవుతాయి.

నంబరు పక్కన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. తెలుగులో రాస్తే చవక సెట్ల తెర మీద డబ్బాలు, ప్రశ్నార్థకాలు కనబడతాయి. ఇంకో లాభం కూడా ఉంది. మన పిల్లలు ఒడియా మీడియంలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు. తెలుగు చదవడం రాని మనవడు కూడా ఆ పేరు చదివి తాతకి పెట్టివ్వగలడు, పక్కన కూర్చుని వినగలడు. మన సరిహద్దు ఊళ్లలో పిల్లలకి తెలుగు ఇప్పుడు చెవి ద్వారానే అందుతోంది. అందుకే మీరు చేస్తున్న ఈ పని నాకు ఇంత ముఖ్యంగా అనిపిస్తోంది.

కార్డు తీసేముందు ఎజెక్ట్ నొక్కండి, లేదంటే చివరి ఫైళ్లు పాడవుతాయి. కొత్త కార్డుని హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో ఒకసారి పరీక్షించండి. పైన 32 అని రాసి లోపల నాలుగే ఉన్న నకిలీలు తిరుగుతున్నాయి, కాపీ అయినట్టే చూపించి తర్వాత పలకవు. ఎంపీ3లు చేసేశాం కదా అని వేవ్ ఫైళ్లు తుడిచేయకండి. అవే మీ అసలు ప్రతులు. వేరే హార్డ్ డిస్క్‌లో ఇంకో నకలు తీసి మీ తమ్ముడి ఇంట్లో పెట్టండి. కథకుడి పేరు, ఊరు, సుమారు సంవత్సరం మావయ్య గారిని అడిగి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ వివరాలు ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియవు.

ప్రశ్న: మా బాబాయి పాత ఐపాడ్ నాకిచ్చారు. కంప్యూటర్‌కి పెట్టి పాటలు కాపీ చేశాను. ఐపాడ్‌లో మాత్రం కనబడట్లేదు.
– డిగ్రీ విద్యార్థి, జయపురం

జవాబు: పెన్‌డ్రైవ్‌లా కాపీ చేస్తే ఐపాడ్ వాటిని ఉత్త ఫైళ్లుగా దాచుకుంటుందే తప్ప పాటల జాబితాలో చేర్చదు. విండోస్‌లో ఐట్యూన్స్ ద్వారా, కొత్త మ్యాక్‌లో ఫైండర్ ద్వారా ఎక్కించాలి. ఒక్క జాగ్రత్త బాబూ. అది బాబాయి కంప్యూటర్‌తో జతపడి ఉంటుంది. మీ దాంట్లో పెట్టగానే పాతవి చెరిపి కొత్తవి ఎక్కించమంటారా అని అడుగుతుంది. అవునని నొక్కితే ఆయన పాటలన్నీ పోతాయి. వద్దని చెప్పి, పాటలు చేత్తో సర్దుకుంటానన్న ఎంపిక పెట్టుకోండి. ఫ్లాక్ అనే రకం పాటల ఫైళ్లని ఐట్యూన్స్ తీసుకోదు, ఎంపీ3 చేయండి. యాపిల్ 2022 మేలో ఐపాడ్‌ని ఆపేసింది, అందుకని ఉన్నదాన్ని, దాని కేబుల్‌ని భద్రంగా చూసుకోండి.

ప్రశ్న: నెలనెలా డబ్బు కట్టే యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు ప్లేయర్‌లోకి ఎక్కించొచ్చా?
– రాయగడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కుదరదండీ. అవి తాళం వేసిన ఫైళ్లు, ఆ యాప్‌లో తప్ప ఇంకెక్కడా పలకవు, డబ్బు కట్టడం ఆపితే అక్కడా పలకవు. మీ ఇంట్లో పాత ఆడియో సీడీలుంటే వెతకండి. డీవీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్‌లో పెట్టి, విండోస్ మీడియా ప్లేయర్‌లో ఎంపీ3 ఎంచుకుని రిప్ నొక్కితే ఒక్కో సీడీ కొద్ది నిమిషాల్లో ఎక్కుతుంది. ప్లేయర్‌కి పెట్టే కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే రకం కాకుండా చూసుకోండి. కంప్యూటర్‌లో ప్లేయర్ కనబడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి.