మూడు నెలల్లో యోయో పోటీ... వాడేమో రోజూ ఆడడు!

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. రెండేళ్లుగా యోయో ఆడుతున్నాడు. మూడు నెలల్లో జరిగే పోటీకి 1ఏ విభాగంలో, అంటే ఒకే యోయోతో తాడు మీద ట్రిక్కులు చేసే విభాగంలో, పేరిచ్చాడు. వారమంతా ముట్టుకోడు, ఆదివారం మాత్రం ఐదు గంటలు వదలడు. రోజూ కాస్త ఆడటం మంచిదా, ఒక్కరోజే ఎక్కువసేపు ఆడటం మంచిదా? ఇంతకుముందు కీబోర్డు, చదరంగం రెండూ మధ్యలోనే వదిలేశాడు. అందుకే ఇప్పుడు నేనే పక్కన కూర్చుని, ఎన్నిసార్లు తప్పుతున్నాడో నోట్‌బుక్‌లో రాస్తున్నాను. స్పాన్సర్లు దొరికితే ఇదే కెరీర్ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఒకరు స్కేటింగ్ అంటారు, ఇంకొకరు గిటార్ అంటారు. ఎవరు రాసినా మధ్యలో ఒక మాట దొర్లుతుంది: ‘ఇంతకుముందు అది కూడా వదిలేశాడు.’ మీ అసలు బెంగ అక్కడుంది. పోటీలో గెలుస్తాడా లేదా అని కాదు, వీడు దేన్నీ చివరిదాకా పట్టుకోడేమో అని. దాని దగ్గరకు వస్తాను.

ముందు మీరడిగిన పోలిక. రోజూ అరగంటే మేలు. చేతికి రావలసిన విద్య ఏదైనా ఒక సాధనకూ ఇంకో సాధనకూ మధ్య, ముఖ్యంగా నిద్రలో, కుదురుకుంటుంది. ఐదు గంటలు ఏకబిగిన ఆడితే వేలు కందిపోతుంది, మణికట్టు అలిసిపోతుంది, విసిరిన యోయో పక్కకు ఒరుగుతుంది. ఇక అక్కణ్నుంచి అలవాటయ్యేది ట్రిక్ కాదు, తప్పు. పోలిక ఇంతే.

ఆ అరగంటలో ఏం చేస్తాడన్నది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ప్రపంచ పోటీల్లో ఫైనల్ ఫ్రీస్టైల్, అంటే సంగీతానికి తగ్గట్టు ట్రిక్కులు కూర్చుకుని చేసే ప్రదర్శన, మూడు నిమిషాలు. సంగీతం మొదలయ్యాక ముడి పడినా గడియారం ఆగదు. అంతర్జాతీయ నిబంధనల్లో 60 మార్కులు చేసిన ట్రిక్కులకు, మిగతా 40 నియంత్రణ, వైవిధ్యం, సంగీతంతో పొందిక, వేదిక మీద తీరు లాంటివాటికి. తాడు మీద యోయో ఆగిపోతే ఒక మార్కు, యోయో మార్చుకుంటే మూడు, తాడు నుంచి విడిపోతే ఐదు పోతాయి. మీ అబ్బాయి వెళ్లే పోటీ నియమాలు వేరుగా ఉండొచ్చు, వాణ్నే చదవమనండి.

అంటే గదిలో పదిసార్లలో మూడుసార్లే పడే గొప్ప ట్రిక్ వేదిక మీద గుదిబండ. అక్కడ చేతులు చల్లబడతాయి, వణుకుతాయి. గదిలో ఎనిమిది తొమ్మిదిసార్లు పడేవే ఫ్రీస్టైల్‌లో ఉంచుకోవాలి. రోజూ మొట్టమొదట, చేతులు ఇంకా ఆటలో పడకముందే, సంగీతం పెట్టి మొత్తం ఒక్కసారి ఆడాలి. తప్పినా ఆగకూడదు, సంగీతం అయిపోయేదాకా ఏదో ఒక చోట అందుకుని సాగిపోవాలి. మిగిలిన సమయమంతా ఆ రోజు తప్పిన కాంబో (వరసగా కలిపి చేసే ట్రిక్కులు) ఒక్కదానికే. ముడి పడితే విప్పాలా, పక్కనున్న యోయో అందుకోవాలా అన్నది కూడా ముందే సాధన చేయాలి. ఆ రెండో యోయోకీ అదే పొడవు తాడు ఉండాలి. తాడులో మెలి పెరిగితే స్లాక్ ట్రిక్కులు (తాడును వదులుగా ఊపి చేసేవి) అడ్డం తిరుగుతాయి కాబట్టి, ఆడబోయే ముందు యోయోను వేలాడదీసి మెలి తీసేయడం అలవాటు కావాలి. ఇవన్నీ చిన్న పనులే, కానీ ఆదివారం వీరులకు వేదిక మీద గుర్తురానివి ఇవే.

ఇక స్పాన్సర్ల మాట. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచను. స్పాన్సర్ అంటే చాలామంది పిల్లలకు దక్కేది యోయోలు, తాళ్లు, ఒక టీషర్టు. దాన్ని జీతం అనుకోకూడదు. పేరున్న ఆటగాళ్లలో కూడా కేవలం ఆడి బతికేవాళ్లు బహు కొద్దిమంది. అంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది స్పాన్సర్ల కంట పడటానికి పిల్లలు పట్టుకున్న దారి: పదిహేను సెకన్ల వీడియోలు. నలభైసార్లు తప్పి, నలభై ఒకటోసారి పడింది పోస్ట్ చేస్తారు. తప్పు కాదు, సరదాగానే ఉంటుంది. కానీ ఆ చేతికి అలవాటయ్యేది ‘మళ్లీ తీద్దాం’. పోటీలో మళ్లీ తీయడం ఉండదు. మీ అబ్బాయి ఆదివారపు ఐదు గంటల్లో వీడియోకు పోయేదెంతో ఒకసారి వాణ్నే అడగండి. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. చదువు పక్కన పెట్టి ఈ దారి పట్టమని నేనైతే చెప్పను. ఆట మానమనీ చెప్పను.

ఇప్పుడు మీ సంగతి. ఆ నోట్‌బుక్ ఏమిటండీ? పోటీలో జడ్జీ చేతిలో తప్పులకు ఒక క్లిక్కర్ (నొక్కి లెక్కపెట్టేది) ఉంటే, పడిన ట్రిక్కులకు ఇంకొకటి ఉంటుంది. మీ దగ్గర ఆ రెండోది లేదు. నాన్న పక్కన కూర్చుని తప్పులు మాత్రమే లెక్కపెడుతుంటే ఏ పిల్లాడు రోజూ ఆడతాడు? వాడు సోమవారం నుంచి శనివారం దాకా తప్పించుకుంటున్నది యోయోని కాదు, మిమ్మల్నేమో! కటువుగా ఉంటే క్షమించండి, కానీ చెప్పక తప్పదు. ఆ నోట్‌బుక్ వాడికే ఇచ్చేయండి. పడినవీ తప్పినవీ వాడే రాసుకుంటాడు. రాసుకోకపోయినా అడగొద్దు.

వదిలేయడం గురించి. పద్నాలుగేళ్లవాడు కీబోర్డు, చదరంగం వదిలి మూడోదాన్ని రెండేళ్లుగా పట్టుకున్నాడంటే అది చపలత్వం కాదు, వెతుకులాట. హిరోయుకి సుజుకి 2004, 2005, 2006ల్లో వరసగా 1ఏ ప్రపంచ విజేత. తర్వాతి టైటిల్ 2012లో. జెంట్రీ స్టెయిన్ 2014లో గెలిచి, మళ్లీ గెలిచింది 2019లో. అంతటివాళ్లకే మధ్యలో ఏళ్లకేళ్లు టైటిల్ లేదు. మీవాడు మంగళవారం ఆడకపోతే కొంప మునగదు, బుధవారం ఆడితే చాలు.

పోటీ రోజు మీకూ ఒక పని ఉంది. అదనపు తాళ్లు నాలుగు జేబులో పెట్టుకోండి. అడిగితే ఇవ్వండి. దిగి వచ్చాక ఎన్ని తప్పాయో అడగొద్దు, ఆకలేస్తోందా అని అడగండి.